కుట్టుపని అమ్మకు దక్కిన యుద్ధనౌక

పాత ఓడల వ్యవహారం చూసే పెద్దలకు నమస్కారాలు.

పక్క దేశం కొత్త జలాంతర్గాములు కొన్నదనీ, అందుకని మనమూ కొత్త ఓడలు దింపుతున్నామనీ, పాత ఓడను ముక్కలుగానో మొత్తంగానో ఇచ్చేస్తారనీ పేపర్లో కూడబలుక్కుని చదివాను. ఆ ఓడ బాయిలరు గదిలో ఆవిరి గొట్టం పగిలి చనిపోయినవాడు మా అబ్బాయే. వాడు పడుకున్న ఇనప మంచం ఒక్కటి ఇప్పించండి. పేపర్లో వచ్చిన ఫారం నింపాను. "ఏ భాగం కావాలి" అన్నచోట గోరంత జాగా ఇచ్చారు. నా అక్షరాలేమో గుమ్మడికాయలు. అందుకని అది వదిలేసి ఈ ఉత్తరం జతచేశాను.

ఇట్లు,
బట్టలు కుట్టుకునే ఒక తల్లి

తా.క.: మంచం తుప్పుపట్టినా పర్వాలేదు. నేనూ అలాగే ఉన్నాను.

*

కుట్టుపని సంస్థ యజమాని గారికి,

"ఏ భాగం" ఖాళీగా వదిలినందున తమరు ఓడ మొత్తం కోరినట్టు నమోదు చేశాం. జతచేసిన ఉత్తరం సంక్షేమ విభాగానికి వెళ్లింది. మేము ఫారాలు మాత్రమే చదువుతాం. నెలకు ఎన్ని టన్నుల ఉక్కు కోయగలరో తెలపండి. ఓడను పొరుగు దేశాలకు చేరవేయబోమని హామీ రాసివ్వండి.

భవదీయుడు,
విక్రయ విభాగాధికారి

తా.క.: క్రేను తమరే తెచ్చుకోవాలి.

*

విక్రయం బాబుగారికి దండాలు.

నా దగ్గరున్నది ఒక కత్తెర. జాకెట్లయితే రోజుకు నాలుగు కోస్తాను. ఉక్కు ఎప్పుడూ కోయలేదు. ఓడను ఏ దేశానికీ చేరవేయను. కూరగిన్నె పక్కింటికి చేరవేస్తేనే నడుం పట్టేస్తోంది. మంచం చాలు బాబూ.

ఇట్లు,
సంస్థా లేదు, గింస్థా లేదు, నేనొక్కదాన్నే

తా.క.: క్రేను సంగతి విచారించాను. మా సందులోకి ఆటో కూడా వెనక్కి నడుపుకుంటూ రావాల్సిందే.

*

యజమాని గారికి,

తమ హామీ అందింది. పొరుగు దేశపు నౌకలు మన నీళ్ల అంచున తిరుగుతున్నాయి. మన కొత్త నౌకకు ఆ రేవు వెంటనే ఖాళీ కావాలి. దరఖాస్తు తమది ఒక్కటే వచ్చింది. కాబట్టి ఓడ తమదే. ముప్పై రోజుల్లో తీసుకెళ్లగలరు.

భవదీయుడు,
విక్రయ విభాగాధికారి

తా.క.: ఆలస్యం చేస్తే దేశరక్షణకు అడ్డుపడినవారవుతారు.

*

నాయనా, చల్లగా ఉండు.

నీ కాగితం పట్టుకుని ఓడెక్కాను. కాపలా నావికుడు సెల్యూట్ కొట్టాడు. ఓనరమ్మనట! ఆ మిడిసిపాటులో మెట్ల దగ్గర మూడుసార్లు తల తగిలించుకున్నాను.

మంచం చూపించాడు. పడుకున్నాను. తల ఒక గోడకి, పాదాలు ఇంకో గోడకి ఆనాయి. నేనే పొట్టిదాన్ని. మావాడు వంగకపోతే గుమ్మం దాటలేడు. అయిదేళ్లూ "రాజాలా కాళ్లు చాపుకుని పడుకుంటున్నానమ్మా" అనే రాశాడు. మనిషిని చూసి కొలత చెప్పేస్తానని ఊరంతా గొప్పలు పోయే దర్జీని, కన్నకొడుకు మంచం కొలత అడగలేదు. ఎంత వెర్రిమొహాన్నో చూడు.

ఆ మంచం నాకొద్దు నాయనా. వాడు ముడుచుకుపోయిన చోటును ఇంట్లో పెట్టుకుని రోజూ చూడలేను. ఓడ మీరే ఉంచుకోండి. ఓనరుగా నాది ఒకటే షరతు. కొత్త ఓడలో మంచాలు రెండు జానలు పొడవు పెంచండి. గొట్టాలు కూడా ఎవరో ఒకరు తట్టి చూడండి.

ఇట్లు,
ఒక్కరోజు ఓడ ఓనరమ్మ

తా.క.: దిగేటప్పుడు ఆ కాపలా పిల్లాణ్ణి కూడా టేపుతో కొలిచాను. వాడూ వాళ్లమ్మకు అబద్ధమే రాస్తున్నాడట.