సీపీయూకి కట్టిన పూల గుడ్డ

మంగళవారం, రాత్రి

కంప్యూటర్ ఈరోజూ నత్తలా పాకి, చివరికి దానంతట అదే ఆగిపోయింది. మా ఆయన వెంటనే నా మీద పడ్డారు.

"విస్సన్నపేట రిపేరు షాపులో బాగానే నడిచిందిగా! ఇంటికొస్తేనే ఎందుకు చస్తోంది? నువ్వే ఏదో కెలుకుతున్నావ్."

ఆయన గొంతు పిసకాలనిపించింది.

సీపీయూ మీద చెయ్యి పెడితే పెనంలా కాలింది. దుమ్ము పడకుండా మా అత్తగారు దాని చుట్టూ పూల గుడ్డ బిగించి కట్టారు. గాలి ఆడే సందే లేదు. ఆ గుడ్డ పీకేశాక, సాయంత్రమంతా చక్కగా నడిచింది.

ఆయన చూశారు. "సర్లే, అమ్మతో అనకు. బాధపడుద్ది."

ఇన్నాళ్లూ నన్ను అన్నప్పుడు ఈ జాలి ఎక్కడికి పోయింది?

అత్తగారితో ఏమీ అనలేదు. ఆ గుడ్డతో పొయ్యి గట్టు తుడిచి, ఆవిడ కుర్చీ మీదే ఆరేశాను.