చీకటి రాళ్ళ కోసం తీసిన మూడో ఫోటో

స్కార్వోయా,
ఫిబ్రవరి 19

మాగ్న్‌హిల్డ్ అక్కకు,

నీ తమ్ముడు యూస్టైన్ స్నేహితుడు ఐలెర్ట్ నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ చలికి చావకుండా మిగిలినవాళ్ళం బాగానే ఉన్నాం. కాడ్ చేపలు తెగ పడుతున్నాయి, ఊరంతా కంపు. బోడోలో నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?

మా ఆవిడతో ఫోన్లో నువ్వన్న మాట నాకు చేరింది. "సముద్రంలో పడి చావమన్నాను, మర్నాడే పడి చచ్చాడు. నా నోరే వాణ్ణి చంపింది" అన్నావట. ఏడాదిగా ఆ మాటతోనే పడుకుని ఆ మాటతోనే లేస్తున్నావట. అందుకే రాస్తున్నాను. యూస్టైన్ కావాలని చావలేదక్కా. రుజువుగా ఈ కవర్లో మూడు ఫోటోలు పెట్టాను.

వాడు పోయిన రోజు ఉదయం ఆరుగురు జర్మన్లకు ఫోటోలు నేర్పడానికి ఉత్తరపు ఒడ్డుకు తీసుకెళ్ళాను. బడి మధ్యలో మానేసినవాడు ప్రొఫెసర్లకు పాఠం చెప్పడమేమిటని నువ్వు నవ్వేదానివి. పాఠం పెద్దదేం కాదు. కొండమీద మంచు ఎండకు కళ్ళు చెదిరేలా ఉంటుంది, కింద రాళ్ళు మసిలా ఉంటాయి. మన కంటికి రెండూ కనిపిస్తాయి. కెమెరా మొద్దుది. మంచును చూస్తే రాళ్ళను మింగేస్తుంది, రాళ్ళను చూస్తే మంచును తగలేస్తుంది. అందుకని స్టాండు కదపకుండా మూడు తీయాలి. మంచు కోసం చటుక్కున ఒకటి, మధ్యస్తంగా ఒకటి, చీకటి రాళ్ళ కోసం షట్టర్ చాలాసేపు తెరిచి ఒకటి. ఇంటికొచ్చి మూడూ కంప్యూటర్లో కలిపితే కన్ను చూసినట్టే వస్తుంది.

ఆ రాళ్ళలో యూస్టైన్ ఉన్నాడు. నేనే పెట్టాను. మీ తాత రబ్బరు కోటు తొడిగి, తలకు నాచు చుట్టి, మునిగి చచ్చి లేచొచ్చిన ద్రౌగ్ దయ్యంలా జర్మన్ల మీదికొచ్చి జడిపించాలని మా పథకం. కోటు పొట్ట దగ్గర పట్టకపోతే, "నీళ్ళలో చచ్చినవాడు ఉబ్బుతాడురా, ఇదే కరెక్టు" అన్నాడు. నీ సంగతి అడిగాను. "అక్క తిట్టకపోతే నాకు వారం గడిచినట్టే ఉండదు. శనివారం బోడో వెళ్ళి, కాఫీ తాగి, ఇంకో విడత తిట్టించుకొస్తా" అన్నాడు. చావబోయేవాడి మాటలా ఇవి?

మొదటి రెండు ఫోటోల్లో రాళ్ళు నల్లగా ఉన్నాయి, ఏమీ కనపడదు. మూడోదాంట్లో ఎడమ పక్క చూడు. పెద్ద అల రాళ్ళమీంచి వెనక్కి లాగుతోంది. నురగలో పొగలాంటి గీత ఒకటుంది. అది చెయ్యి. పైకెత్తి ఊపుతున్న చెయ్యి. చావాలనుకున్నవాడు చెయ్యి ఊపడు.

వాడెంతకీ రాకపోయేసరికి, చలికి విసిగి పైదారిన ఇంటికి పోయాడనుకున్నాను. సాయంత్రం మూడూ కలుపుతుంటే చెయ్యి కనిపించింది. కదిలినవాటిని ఈ పనిలో దయ్యాలంటారు. దయ్యాల్ని తీసెయ్యనా అని కంప్యూటర్ అడిగింది. తీసెయ్యమన్నాను. ఊరి హాల్లో వేలాడుతున్నది ఆ చిత్రమే. నువ్వు కూడా దాని ముందు నిలబడి, రాళ్ళు ఎంత బాగా వచ్చాయో అన్నావు. పోలీసులకేమో ఆ రోజు వాణ్ణి చూడనే లేదని చెప్పాను. అందుకే ఊరంతా నీ తిట్టును పట్టుకుంది.

రేపు పొద్దున్నే వెళ్ళి పోలీసులకు నిజం చెప్తాను. నువ్విక నిద్రపో అక్కా.

ఇట్లు,
నిన్ను క్షమాపణ అడిగే ముఖం లేని
ఐలెర్ట్

తా.క. అంటించిన కవరు మళ్ళీ చింపాను. పైన ఒక అబద్ధం ఉంది. ఆ చెయ్యిని కంప్యూటర్లో కాదు, అక్కడే చూశాను. కేక కూడా విన్నాను. నా పేరే. జర్మన్ ఆవిడొకతె, అతనికి సాయం కావాలేమో అంది. "కదలకండమ్మా, స్టాండు అదిరితే ఫోటో పోతుంది. వాడు నాకంటే పెద్ద నటుడు" అన్నాను. ఆవిడా నవ్వింది. షట్టర్ మూసుకునేదాకా సెకన్లు నేనే పైకి లెక్కపెట్టాను. ఎనిమిది అయ్యాక, నేను కూడా వాడికి చెయ్యి ఊపాను. అప్పటికి రాళ్ళమీద ఎవరూ లేరు.