ఆ వైపు బ్రేకు లేదు

ఏమండీ,

ఎదురుగా ఉంటే ‘ఊ’ తప్ప మాట రాని నేను కాగితం ముందు కూర్చుంటే ఆగలేకపోతున్నాను. తప్పులుంటే నవ్వుకోండి కానీ అక్కడెవరికీ చూపించకండి.

మీరు పంపిన పెట్టెలు చేరాయి. మోసుకొచ్చినతను వీటిలో ఏముంది, బండరాళ్లా అని అడిగాడు. మీకు పని నేర్పిన మేస్త్రీ బాబాయే పనికి ఒప్పుకుని, అన్నీ విప్పి వసారాలో పరిచారు. పళ్లేలంతేసి డిస్కులు, ఆ డిస్కుల్ని బిగించి పట్టే నాలుగేసి పిస్టన్ల కాలిపర్లు, స్టీలు తీగ అల్లిన గొట్టాలు. పాతదైనా పరుగు తగ్గని కారని ఆయనా అన్నారు, కానీ “నీ మొగుడు పంపిన బ్రేకులకి కారేమిటి తల్లీ, రైలు ఆగుతుంది” అని ఒకటే నవ్వు. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను.

అత్తయ్య పోయాక మీరు వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. మెకానిక్కు పని మానేసి గని గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకుంటున్నారు. ఆ కారుకి బ్రేకులు నేనే వేశాను, వారం తిరక్కుండా అవి అమ్మని తీసుకుపోయాయి, వాటిని తీసేసి కొత్తవి వేశాకే ఇంటికొస్తాను అని రాశారు. లారీకి గుద్దుకుని నలిగిన ముందు రేకులన్నీ బాగుచేయించి కూడా చక్రాలు మాత్రం ఎవరినీ విప్పనివ్వలేదు. అందుకే షెడ్డులో పానా చప్పుడు వినిపిస్తే మీరొచ్చే రోజు దగ్గరపడుతోందని నాకు సంతోషంగా ఉంటుంది.

కానీ ఒక చప్పుడు బాబాయిది కాదు.

మధ్యాహ్నం ఆయన భోజనానికి ఇంటికి వెళ్తారు. మామయ్య గది తలుపు మూసి ఉంటుంది. వీధిలో కూడా అలికిడి ఉండదు. నేను వంటింట్లో గిన్నెలు తోముకుంటుంటే గోడ అవతల షెడ్డులో పెడలు కిందికంటా దిగి నెమ్మదిగా పైకి వస్తుంది. మళ్లీ దిగుతుంది. లోపల ఎవరో కూర్చుని గట్టిగా ఊపిరి తీసి వదులుతున్నట్టు ఉంటుంది. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోతాను. కుళాయి కట్టేస్తే ఇంకా బాగా వినిపిస్తుందని కట్టెయ్యను.

నిన్న బాబాయి తిరిగొచ్చేసరికి ముందు చక్రం దగ్గర గొట్టానికి బిగించిన బిరడా ఊడి దూరంగా పడి ఉంది. బ్రేకాయిలు నేలంతా మడుగు కట్టింది. కాలిపర్లు విప్పి ఉన్నప్పుడు పెడలు తొక్కితే ఆయిలంతా బయటికి కక్కుతుందని, చిలక్కి చెప్పినట్టు చెప్పానని నామీద కేకలేశారు. నేను కాదన్నాను. అయితే ఇంట్లో పిల్లి ఉందా అన్నారు. మీరు నన్నేమని పిలుస్తారో ఆయనకేం తెలుసు. అంత భయంలోనూ నవ్వొచ్చింది.

నవ్వు వెంటనే పోయింది. అత్తయ్య పక్క సీట్లో కూర్చుని మలుపు వచ్చినప్పుడల్లా కాలితో నేలని నొక్కడం మీకు గుర్తుందా? “అమ్మా, ఆ వైపు బ్రేకు లేదే” అని మీరు ఏడిపించేవారు. ఉంటే అందరూ క్షేమంగా ఇల్లు చేరేవాళ్లం అని ఆవిడ అనేవారు. ఆ కాలి కింద రబ్బరు పట్టా అరిగి నున్నగా అయిపోయింది. నిన్న ఆయిలు తుడుస్తూ దాన్ని చూశాను. దానిమీద దుమ్ము లేనట్టనిపించింది. అత్తయ్య ఇంకా తొక్కుతూనే ఉన్నారేమోనండీ. ఆగేదాకా తొక్కుతారేమో.

నావల్ల కావడం లేదు. ఆ కారు అమ్మేయండి. లేదంటే నేను మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతాను. మీతో ఇలా అనాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. కోప్పడకండి.

మీ పిల్లి

*

ఏమండీ,

నేనింకా వెళ్లలేదు. సంచి సర్ది తలుపు పక్కన పెట్టాను, అది అక్కడే ఉంది.

రెండు సంగతులు రాయాలి. మొదటిది బాబాయి చెప్పమన్నది. ఆయన పాత ప్యాడ్లూ డిస్కులూ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చారు. నాకేం తెలుస్తుందని చూపిస్తారు అనుకున్నాను. వేలితో తడిమి చూడమన్నారు. కొత్త పలక లాగా నున్నగా ఉంది. ప్యాడ్లు అరగలేదట, ఎక్కడా ఆయిలు కారలేదట, ఒక్క బోల్టు వదులు లేదట. “వాడి పనికి వంక పెట్టాలని చూశాను తల్లీ, దొరకలేదు. ఇవి తొక్కితే పట్టే బ్రేకులు. ఈ మాట వాడికి రాయి” అన్నారు. వెనక్కి తిరిగి ముక్కు చీదుకుంటూ వెళ్లారు.

రెండోది ఎలా రాయాలో తెలియడం లేదు. నిన్న మధ్యాహ్నం చప్పుడు మొదలవగానే నా కాళ్లే నన్ను షెడ్డు దాకా తీసుకెళ్లాయి. లోపల కూర్చున్నది మామయ్య. కారు మీది గుడ్డ సగానికి మడిచి పెట్టి ఉంది. వీపు నిటారుగా పెట్టుకుని, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి ఖాళీ సీటుకి అడ్డంగా చాచారు, పక్కనున్న మనిషి ముందుకి తూలిపోకుండా ఆపుతున్నట్టు. తొక్కుతున్నారు, వదులుతున్నారు. మొహం చెమటతో తడిసిపోయింది. నన్ను చూడలేదు. దిగి గుడ్డ సరిచేసి అంచులు కూడా లాగి వెళ్లారు. అంత ఒద్దికగా మడవడం చూస్తే ఏడాదిగా ఇదే జరుగుతోందనిపించింది. బ్రేకులు విప్పకముందు పెడలు గట్టిగా ఉండి చప్పుడయ్యేది కాదేమో, మనకెవరికీ తెలియలేదు.

దెయ్యమైతే పారిపోదును. మామయ్యని వదిలేసి ఎక్కడికి పోను? ఎందుకని అడిగే ధైర్యమూ లేదు. మీరే చెప్పండి, ఏం చెయ్యమంటారు?

మీ పిల్లి

*

ఏమండీ,

మీ జవాబు చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మేస్త్రీ నామీద జాలితో అలా అంటున్నాడు, తొక్కితే పట్టలేదని నాన్న నాకు చెప్పాడు, నాన్న అబద్ధం ఆడడు అని రాశారు. కొత్తవి వేసినా రాలేను, నువ్వు మీ అమ్మ దగ్గరికి వెళ్లు అని రాశారు. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టాను. తరవాత సంచిలో బట్టలన్నీ తీసి అలమరలో సర్దేశాను.

కొత్త కాలిపర్లు బిగించడం అయిపోయింది. ఇక గొట్టాల్లో చేరిన గాలి తియ్యాలన్నారు బాబాయి. అది ఒక్క మనిషితో కాదట. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కిపట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర చిన్న మర తిప్పి గాలి పోనిచ్చి మళ్లీ బిగించాలి. నువ్వు కూర్చో అన్నారు నాతో. నేను సరేననబోయి ఆగాను. నేరుగా మామయ్య గదికి వెళ్లాను. ఇన్నాళ్లలో ఆయన గది తలుపు నేను తట్టడం అదే మొదలు.

“మామయ్యా, బ్రేకు తొక్కడానికి మనిషి కావాలట. మీరు రండి” అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. నాకు తెలుసని ఆయనకి తెలిసిపోయింది. లేచి నా వెనకే వచ్చారు.

నా చేతికి ఆయిలు సీసా ఇచ్చి నన్ను బానెట్టు దగ్గర నిలబెట్టారు, బ్రేకాయిలు డబ్బాలో తగ్గినప్పుడల్లా పొయ్యడానికి. బాబాయి వెనక చక్రాలతో మొదలుపెట్టారు. తొక్కు బావా అంటే మామయ్య తొక్కేవారు. పట్టాను అనేవారు. మర తిప్పగానే బుడగలతో ఆయిలు సన్నటి గొట్టంలోంచి కింద పెట్టిన ఖాళీ సీసాలోకి వచ్చేది. వదులు అంటే వదిలేవారు. మొదట పెడలు దూదిలా మెత్తగా ఉందన్నారు మామయ్య. ఇంకా గాలుంది, నీ పెళ్లిలో బాజా ఊదినవాడి దగ్గర కూడా ఇంత లేదు అన్నారు బాబాయి. మామయ్య పెదవి కొంచెం కదిలింది. ఆ మొహంలో నవ్వు లాంటిది చూసి ఎన్నాళ్లయిందో.

తరవాత ముందువైపు, అత్తయ్య కూర్చునే పక్క చక్రం. అక్కడ గాలంతా పోయేసరికి పెడలు గట్టిపడింది. బాబాయి మర బిగించి వదులు అన్నారు. మామయ్య వదల్లేదు. రెండోసారి చెప్పినా వదల్లేదు. పాదం అలాగే అదిమి ఉంది. నేను సీసా కింద పెట్టి తలుపు దగ్గరికి వెళ్లాను.

“బ్రేకు ఇలా పడుతుందామ్మా?” అన్నారు నాతో.

“పడుతుంది మామయ్యా. పాతవి కూడా పట్టేవేనట.”

ఆయన పక్క సీటు కింద పట్టానే చూశారు.

“మీ అత్తయ్య ఏదో చెప్పి నవ్వింది. ఆవిడ వైపు చూశాను. మళ్లీ ముందుకి చూసేసరికి రోడ్డు పక్కన ఏదో గేట్లోంచి లారీ వెనక్కి వస్తోంది. నా కాలు కదల్లేదు. ఆవిడ తొక్కింది తల్లీ. రెండు కాళ్లతో తొక్కింది. ఆ వైపు బ్రేకు లేదు. ఉన్న వైపు కూర్చున్నది నేను.”

బాబాయి చక్రం దగ్గరనుంచి లేవలేదు, తల కూడా ఎత్తలేదు. అడిగినవాళ్లందరికీ, మీకూ కూడా, పట్టలేదని ఒక్క మాట అనేశానని, అది కొడుకు మీద పడుతుందని ఆ పూట తోచలేదని, తోచేసరికి మీరు ఊళ్లో లేరని మామయ్య చెప్పారు. ఉత్తరం రాద్దామని కూర్చుంటే చెయ్యి కూడా కాలు లాగే అయిపోయేదట. ‘ఊ’ అన్నాను. నాకు చేతనైంది అదే కదా. వంగి ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. అప్పుడు నెమ్మదిగా పెడలు వదిలారు.

ఇంకో చక్రం ఉంది బావా అన్నారు బాబాయి. అది కూడా పూర్తిచేశారు.

ఈవేళ మధ్యాహ్నం కుళాయి కట్టేసి విన్నాను. గోడ అవతల ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా భయంగానే ఉందండీ. అత్తయ్య ఇప్పుడు నిజంగా వెళ్లిపోయినట్టు ఉంది. కారు మీద గుడ్డ మాత్రం నేను మళ్లీ కప్పలేదు.

మామయ్య మీద కోపం వస్తే రానివ్వండి. నాకూ వచ్చింది. కానీ కోపం అక్కడ గేటు దగ్గర కూర్చుని పడితే ఎవరికి వినిపిస్తుంది? కింద తన చేత్తో రాస్తానన్నారు. కళ్లజోడు తెచ్చిచ్చి, కలం మూత తీసి ఇచ్చాను. రాసేదాకా పక్కనే నిలబడతాను.

మీ పిల్లి

నాయనా,
నీ చేతుల్లో తప్పు లేదు. తొక్కని కాలు నాది. నన్ను తిట్టడానికైనా ఇంటికి రా.
నాన్న