ఆకాశంలోకి దూకిన మనిషి

శంషాబాద్, 9 ఆగస్టు 2011, మంగళవారం

నిద్ర పట్టేలా లేదు. సాయంత్రం మనవరాలు శిరీష పుస్తకం మూసేసి, "ఇంజనీరింగ్ నాతోని కాదు నాయనమ్మా, ఇగ రేపటి సంది పోను" అంది. విమానంలోంచి ప్యారాచూట్‌తో దూకినవాడి వేగం ఎలా మారుతుందో అవకలన సమీకరణం రాసి సాధించాలట. ఇంటర్నెట్‌లో లెక్కలు చెప్పే ఆయనెవరినో అడిగితే, "ముందు మీరు ఎంతవరకు చేశారో చూపించండి" అన్నాడట.

"జవాబు చెప్తే ఆయన సొమ్మేం పోతది?" అని ఇది మండిపడింది. నాకు మాత్రం ఆ మనిషి మీద వెంటనే గౌరవం కలిగింది. నేను బి.ఎస్సీ. చదివి నలభై అయిదేళ్ళు. అయినా, "ఇటు తే కాగితం" అన్నాను. పావుగంటలో సాధించి, మహా పండితురాలిలా కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాను. శిరీష దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించి పంపింది.

కాసేపటికి జవాబొచ్చింది: "రెండో వరుసలో మైనస్ వదిలేశారు. మీ లెక్క ప్రకారం ఈ మనిషి కిందికి దిగడం లేదు, ఆకాశంలోకి ఎగిరిపోతున్నాడు."

శిరీష పడీ పడీ నవ్వింది. "ఏంది నాయనమ్మా, దూకినోన్ని మళ్ల విమానం ఎక్కిస్తున్నవా?" అంటూ నా చేతిలో కలం లాక్కుని, మైనస్ పెట్టి, చివరిదాకా తనే చేసింది. కాలేజీ మానేసే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ ఇంట్లో నా పప్పులో ఉప్పుకు వంక పెట్టనివారు లేరు. నా లెక్కకు వంక పెట్టేవారు ఇన్నాళ్ళకు దొరికారు! ఎంత హాయిగా ఉందో. తర్వాతి లెక్క తనే చేసుకుంటానంటోంది శిరీష. సంతోషమే. ఎక్కడో ఒకచోట ఆగి, నన్ను పిలవకపోతుందా అని...