పిల్లికళ్ళ దొర

ఆదివారం రాత్రి, బందరు

ప్రభువా, నా కోడిగీతల రాతనూ తప్పులనూ మన్నించు. నోటితో ప్రార్థించడానికి సిగ్గేసి ఇలా రాస్తున్నాను.

మన పూర్వీకులు ఎక్కడివాళ్ళో చెప్పే ఉమ్మి పరీక్ష ఫలితం ఈరోజు మనవరాలి ఫోనుకు వచ్చింది. మా అమ్మవి పిల్లికళ్ళు కాబట్టి, మాది బందరు రేవులో దిగిన డచ్చి దొర రక్తమని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నాను. పరీక్షలో దొర జాడే లేదు. అంతా దక్షిణ భారతమేనట.

"ఏం దొరగారూ, ఓడ మునిగిందా?" అన్నాడు బావ. అందరూ నవ్వారు.

"అది ఉజ్జాయింపే తాతయ్యా. వాళ్ళ దగ్గర నమూనాలున్న మనుషులతో పోల్చి చెప్తారు. ఒక్కో కంపెనీ ఒక్కోలా చెప్తుంది," అంది మనవరాలు.

"అయితే ఇంకో కంపెనీకి పంపుదామా?" అని ఆత్రంగా అడిగేశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అప్పుడు గోడమీద అమ్మ ఫొటో కనబడింది. గూడూరు చేలల్లో కూలికి వరి ఊడ్చి నన్ను బడికి పంపిన మనిషి. ఎవరూ చూడని దొర కోసం, ఆమె చాలదన్నట్టు మాట్లాడాను. మళ్ళీ అటు చూడలేకపోయాను.

మనవరాలు నా మాట కాదనలేక వేరే కంపెనీ నుంచి ఉమ్మి పట్టే రెండో డబ్బా తెప్పిస్తోంది. బుధవారం వస్తుందట. వద్దని చెప్పడానికి నోరు రావడం లేదు. దొర ఉన్నాడేమోనన్న ఆశ ఇంకా చావలేదు. ఆ డబ్బాలో ఉమ్మాలా, వద్దా? బుధవారం లోపే జవాబు చెప్పు తండ్రీ.