కోసిన కర్బూజా

మార్చి 4

కిడ్నీ మార్చాక ఇంటికొచ్చాను. ఇల్లంటే ఇల్లు కాదు, ఈ గది. ఒక కిటికీ, ఒక మంచం, ఒక బాత్రూమ్. కరెంటు మీటర్లు చూసే ఉద్యోగంలో ఊళ్ళో తలుపులన్నీ తట్టినదాన్ని. ఇప్పుడు నా తలుపు అమ్మ తడుతోంది.

కంచం బయట స్టూలు మీద పెట్టి వెళ్ళిపోతుంది. కాసేపటికి వచ్చి మూడుసార్లు తడుతుంది. అంటే, తిన్నావా అని. నేను స్పూనుతో కంచం మీద కొట్టాలి. నోరు తెరిస్తే తుంపర్లు పడతాయని ఆవిడ భయం. ఇవీ మా కబుర్లు.

మార్చి 7

చెకప్. డాక్టరమ్మ గంటసేపు క్లాసు పీకింది. మామూలు మనిషికి కడుపులో కాస్త గడబిడ చేసి పోయే క్రిమి కూడా నన్ను మంచాన పడేస్తుందట. మందులు ఒంట్లో కాపలావాళ్ళని నిద్రపుచ్చాయట. పచ్చివి వద్దు, నిలవవి వద్దు, బయట కోసినవి అసలే వద్దంది. తమ్ముడూ అమ్మా నా వైపే చూస్తూ కూర్చున్నారు. అమ్మ బుద్ధిగా తలూపింది.

మార్చి 12

ఉడికించిందే. మళ్ళీ ఉడికించిందే. సగం వదిలేశాను.

మార్చి 15, సాయంత్రం

కర్బూజా కావాలని గొడవ చేశాను. నలభై దాటినదాన్ని, చిన్నపిల్లలా అలిగి పొద్దున కంచం ముట్టలేదు. తమ్ముడు జాలిపడి షాపు నుంచి కోసిన ముక్కలు రెండు డబ్బాలు తెచ్చాడు. తలుపు సందులోంచి చూస్తే నోరూరిపోయింది.

అమ్మ వాడి మీద విరుచుకుపడింది. బుద్ధుందా, దాన్ని చంపుతావా అని. సరే పారేద్దామన్నాడు వాడు. తిండి పారేస్తే కళ్ళు పోతాయంది. ఒక డబ్బా వాడు అక్కడే నిలబడి చప్పరిస్తూ ఖాళీ చేశాడు, పాపిష్టివాడు. రెండోది ఫ్రిజ్‌లోకి వెళ్ళింది. ఫ్రిజ్‌లో ఉన్నది చెడిపోదని అమ్మ గట్టి నమ్మకం.

మార్చి 19

మధ్యాహ్నం నేను పడుకున్నాననుకుని అమ్మ ఫ్రిజ్ తెరుస్తోంది. తర్వాత చెంచా చప్పుడు. రోజుకు రెండు ముక్కలు కాబోలు, షుగరుంది కదా, దొంగచాటుగా తింటోంది. నా కర్బూజా! ఎంత కుళ్ళుకున్నానో.

ఏప్రిల్ 3

అమ్మకి జ్వరం. వంట తమ్ముడు చేశాడు. ఉప్పు మరిచాడు.

ఏప్రిల్ 5, పొద్దున

ఎవరూ తలుపు తట్టలేదు. తమ్ముడి అరుపు వినిపించింది. అమ్మ మెడ తిప్పలేకపోతోందట, వాణ్ణి గుర్తుపట్టడం లేదట. అంబులెన్స్ వచ్చింది. నేను తలుపు తీసి చెప్పులు వేసుకున్నాను. వాడు అడ్డంగా నిలబడి దండం పెట్టాడు. నువ్వూ పడితే నేనెవరి దగ్గరుండాలే అక్కా అన్నాడు.

వెనక్కి వచ్చి గడియ వేసుకున్నాను. కిటికీలోంచి స్ట్రెచర్ మీద ఆవిడ పాదాలు కనిపించాయి. మేజోడు ఒక కాలికే ఉంది.

ఏప్రిల్ 8

లిస్టీరియా అనే క్రిమి అట. ఫ్రిజ్ చలిలో కూడా తాపీగా పెరుగుతుందట. ఏం తిన్నారని డాక్టరు అడిగితే తమ్ముడు అన్నీ చెప్పాడు. ఆ కోసిన ముక్కలే అయ్యుండొచ్చు అన్నారట. వాడికేమీ కాలేదు, రాళ్ళు తిన్నా అరిగించుకునే వయసు. అమ్మకి డెబ్బై రెండు, పైగా షుగరు. మెదడుకి పాకింది.

డాక్టరమ్మ నాకు చెప్పిన జాగ్రత్తలు అమ్మకీ అవసరమే. ఆ రోజు ఒక్కళ్ళమైనా ఆవిడ వైపు చూశామా? ఆవిడే చూసుకోలేదు. నేను అలక్కపోతే ఆ డబ్బా ఇంట్లోకి వచ్చేదే కాదు. గోడకేసి తల బాదుకోవాలనుంది. గోడలకేం తక్కువ, నాలుగున్నాయి.

ఏప్రిల్ 9

అమ్మని వీడియో కాల్‌లో చూపించమన్నాను. చూపించాడు. కట్ చెయ్యమన్నాను.

ఏప్రిల్ 17

అమ్మ కళ్ళు తెరిచిందట. ఏడ్చాను. ఆకలేసింది, సిగ్గులేకుండా.

ఏప్రిల్ 30

అమ్మ ఇంటికొచ్చింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. తిరిగి వస్తుందో రాదో చెప్పలేమన్నారట. పక్క గదిలో పడుకోబెట్టారు. ఒంట్లోంచి క్రిమి పూర్తిగా పోయిందని తేలేదాకా నేను అటు వెళ్ళకూడదు. ఇప్పుడు ఆవిడకీ నా తిండే, ఉడికించిందే. తమ్ముడు ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసి కడిగాడు.

మే 1, మధ్యాహ్నం

గోడ మీద మూడు దెబ్బలు. చాలా మెల్లగా.

కంచంలో ఇంకా సగం ఉంది. గబగబా అంతా మింగాను. అప్పుడు స్పూనుతో కొట్టాను.