రంగు పైకి పాకదు

చిట్టి చెల్లికి అక్క ఆశీస్సులు.

నా చేతి గురించి మీ బావ నిన్న నీకు ఫోనులో ఊదరగొట్టారట. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి, నూలు తెచ్చే వ్యాను డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. సాయంత్రానికల్లా నీ ఆసుపత్రికి చేరుతుంది.

మొన్న రంగు తొట్టిలో నూలు తిప్పుతుంటే కర్ర పేడు అరచేతిలో దిగింది, అంతే. వాచింది, సలుపుతోంది, ఒప్పుకుంటాను. ఎర్రబడిందా అని అడిగావట. ఇన్నేళ్లుగా ఎరుపు అద్దేదాని చేయి ఎర్రగా కాక పచ్చగా ఉంటుందా? తాతవీ అవే చేతులు, అమ్మవీ అవే. ఈ ఇంట్లో చేతులు తెల్లబరుచుకున్నది నువ్వొక్కదానివే. నర్సు చదువుకు వెళ్లే ముందు రోజు తోలు ఊడేలా తోముకున్నావు. మేమంటే నీకు అంత సిగ్గా అని ఆ రోజు కుమిలిపోయాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

తొట్టి పొయ్యి మీంచి దించేదాకా డాక్టరు మాట ఎత్తకు. మధ్యలో వదిలేస్తే నూలుకు చారలు పడతాయి.

మీ అక్క

అక్కా,

ఇదే వ్యాను తిరిగొస్తోంది, అందుకే నాలుగు ముక్కలు. రంగు చూడొద్దు. నీ చేతి మీద రంగు అబద్ధం చెబుతుంది. బావను తన అరచేయి నీ రెండు చేతుల మీదా ఆనించి చూడమను. కుడిది వేడిగా ఉందా? చర్మం బిగిసి మెరుస్తోందా? వాపు నిన్నటికన్నా పాకిందా? పేడు దిగిన చోట చీము పట్టిందా? గాయంలోంచి క్రిములు చర్మంలోకి దిగితే ఇలాగే ఉంటుంది, ఈ రోజే డాక్టరుకు చూపించాలి. చలిజ్వరం వచ్చినా, చంకలో బిళ్ల కట్టినా, చేతి మీదుగా ఎర్రచార పైకి పోయినా ఇక తొట్టి మొహం చూడకు.

చేతులు తోముకున్నది సిగ్గుతో కాదు. నర్సు చదువులో చేర్చుకునే రోజు గోళ్లు కూడా చూస్తారని భయపడ్డాను. నన్ను అడిగి ఉండాల్సింది.

నీ చిట్టి

నర్సమ్మ చెల్లికి,

వంకర రాతకు తిట్టకు, ఎడమ చేత్తో రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి మీ బావ చేయి ఆనించారు. కుంపటిలా ఉందన్నారు. తొట్టి ఆవిరి తగిలిందని వాదించాను. ఆయన వినకుండా, పనికి చీర మీద తొడుక్కునే నా చొక్కా చేతిని భుజం దాకా మడిచారు. మోచేయి దాటి, రంగు ఎన్నడూ తాకని చోట, సన్నటి ఎర్రచార కనిపించింది. అద్దకం పనిలో పుట్టి పెరిగినదాన్ని, ఆ మాత్రం తెలియదా? రంగు కిందికి కారుతుంది, పైకి పాకదు. పొయ్యి ఆర్పేసి నడిచాను. నూలుకు చారలు పడ్డాయి. పడనీ.

వీధి చివరి ఆసుపత్రిలో సూదిమందు ఎక్కిస్తున్నారు. ఆ రాత్రి వచ్చిన జ్వరం దిగింది, చార వెనక్కి తగ్గింది. ఇంకా ఆలస్యం చేసి ఉంటే చేతికి హామీ ఇవ్వలేకపోయేదాన్నని డాక్టరమ్మ చెప్పింది.

వాపు సరిగ్గా కనిపించాలని ఇక్కడి నర్సు నా చేతి రంగును ఓపిగ్గా తుడిచింది. అడుగున అసలు రంగు బయటపడింది. మీ బావ తేరిపార చూసి, "ఇది చిట్టి చేయిలా ఉందే" అన్నారు.

అప్పుడు ఏడ్చానే. నొప్పికి కాదు.

నీ అక్క